మూడు తలలు

సౌత్ షీల్డ్స్‌లో సముద్రానికి ఇనుము కొరకడమే పని.
ఆల్మా థర్ల్‌వెల్ మొగుడు రేవులో
ఓడల పొట్టల మీది తుప్పు గోకేవాడు,
కనురెప్పల్లో ఎర్రపొడితో ఇంటికొచ్చేవాడు.
ఆవిడ, నాలుగు వీధుల అవతల ఫ్యాక్టరీలో,
అదే తుప్పుని మెత్తగా నూరి పూసిన
గోధుమరంగు రిబ్బను మీద
మనిషి గొంతుని పట్టేది.
"ఒకటే తుప్పు. ఆయన గీకేవాడు, నేను తిప్పేదాన్ని"
అంటుంది ఎనభై ఏడేళ్ళ ఆల్మా,
బిస్కట్టుని టీలో మరీ ఎక్కువసేపు ముంచి.

నేను పాత యంత్రాలు బాగుచేసుకునేవాణ్ణి.
జారోలో ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తుంటే
ముప్ఫై పౌండ్లకి దొరికింది ఇది.
సుత్తి దెబ్బలు తిన్నట్టుండే బూడిద రంగు,
మూడు మోటార్లు,
ఒక్కసారి ఎత్తితే వారం రోజులు నడుం మర్చిపోని బరువు.
మూత లోపల రేకు ముక్క మీద ఊరి పేరు.
దానితోపాటు ఒక రీలు, అట్ట డబ్బా మీద పెన్సిలు రాత:
బెంచి ఆరు.

దీనికి మూడు తలలు.
మొదటిది తుడుస్తుంది, రెండోది రాస్తుంది, మూడోది వింటుంది.
ఆ వరస మారదు.
పలక తుడిచిగాని బలపం పట్టని పిల్లాడికి
ఇది ఒకరు చెప్పక్కర్లేదు.
నాకు మాత్రం ఇన్నేళ్ళకి,
స్క్రూడ్రైవరు చేతిలో ఉండగా తట్టింది.

ఆరో బెంచి ఆల్మాది.
వచ్చిన ప్రతి యంత్రంలోనూ మాట్లాడాలి,
విని, వణుకు లేదని టిక్కు పెట్టాలి,
తుడిచేయాలి.
సెకనుకి ఏడున్నర అంగుళాల పరుగు.
గొంతు పాకంలా సాగిందా, యంత్రం వెనక్కి.
మొదటి నెలంతా ఒకటి, రెండు, మూడు అంది.
తర్వాత విసుగొచ్చి బస్సుల వేళలు చెప్పింది,
ఉల్లిపాయల ధర చెప్పింది,
ఫోర్‌మన్ కత్‌బర్ట్ నడకని తిట్టింది.
ఒక సోమవారం,
చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఇరవై మంది ఆడవాళ్ళ మధ్య
ఎవరికీ వినపడదని తెలిసి,
కడుపు నిలవలేదని చెప్పింది.
అప్పటికింకా మొగుడికి చెప్పలేదు.
మూడో తలతో విన్నది.
వణుకు లేదు. టిక్కు పెట్టింది.
తుడిచేసింది.

ఆ యంత్రం ఎక్కడికెళ్ళిందో తెలీదు.
బళ్ళకి వెళ్ళేవి, ఆస్పత్రులకి వెళ్ళేవి,
తెల్లారకముందే పొదల్లో కూర్చుని
పిట్టల కూతలు పట్టే ఒక పెద్దమనిషికీ వెళ్ళిందట ఒకటి.
ఈ ఊరి యంత్రం చెడిపోదు అనేవాళ్ళు.
చెడిపోదు. అదే వచ్చింది చిక్కు,
ఒకసారి కొన్నవాడు మళ్ళీ కొట్టుకి రాడు.

ఒక శుక్రవారం కత్‌బర్ట్
జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు,
జపాన్ నుంచి వచ్చిందట, సబ్బుపెట్టెంత.
లోపల అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదేదో తిరుగుతోంది.
జోకు వేద్దామని తెచ్చాడు పాపం.
ఎవరూ నవ్వలేదు.
పక్క బెంచి మోరా దాన్ని అరచేతిలో పెట్టుకుని
బరువు చూసి, ఉన్నచోటే పెట్టేసింది.
ఇప్పుడక్కడ తివాచీలు అమ్ముతున్నారు.

యంత్రాన్ని ఆవిడ వంటింటి బల్ల మీదికి ఎక్కించేసరికి
నాకు ఆయాసం వచ్చింది, బల్లకి బీట వచ్చింది.
ఆ రీలు చూసింది.
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.
"విన్నావా?"
"విన్నానండీ. ఈ చివర్నించి ఆ చివరిదాకా."
"ఏముంది?"
"ఏం లేదు. వాన చప్పుడు లాంటిది. అంతే."

తిరుగుతున్న రీలు అంచుకి వేలు ఆనించి
కాసేపలా ఉంచింది,
జ్వరం చూస్తున్నట్టు.
"అయితే," అంది, "పని సరిగ్గానే చేశానన్నమాట."
ఇంకో బిస్కట్టు తీసుకోమంది.
కిటికీ బయట, రేవు మీంచి వచ్చే గాలికి
గేటు బందు కిర్రుమంటోంది.
నూనె వెయ్యాలి దానికి, అంది.